కెమెరాకు వాసన తెలియదు

జూలై 9, 2024, మంగళవారం

హోటలు బాబాయి పుండు ఫొటో సరిగ్గా రావడానికే అరపూట పట్టింది. పేషెంట్ల పేర్లు ఇందులో రాయను, ఈ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడొచ్చు. ఎడమకాలు, లోపలివైపు చీలమండకి కాస్త పైన. పొడవు 5.2 సెంటీమీటర్లు, వెడల్పు 3.8. చుట్టూ చర్మం నల్లగా కమిలి గట్టిపడిపోయింది. రసి కారి కారి లుంగీ అంచు ఎప్పుడూ తడే. పసుపు, సున్నం, బొప్పాయి పాలు, ఊళ్లో ఎవరేం చెబితే అది రాశాడు. ఏళ్ల తరబడి మానని పుండు.

ఫ్లాష్ వేస్తే తడి పుండు మెరిసిపోయి ఎరుపేదో పసుపేదో తేలదు. ట్యూబ్‌లైటు కింద రంగులన్నీ మారిపోతాయి. చివరికి కుర్చీ కిటికీ దగ్గరకి జరిపి, కాలికింద ఆకుపచ్చ గుడ్డ పరిచి, పక్కన కాగితం స్కేలు పెట్టి దానిమీద తేదీ రాసి, ఫోను ఏ పక్కకీ వాలకుండా పుండుకి సరిగ్గా ఎదురుగా పట్టుకుంటే కుదిరింది. దగ్గర్నుంచి ఒకటి, కాలంతా కనపడేలా ఇంకొకటి. కడగకముందు, కడిగాక. ఎర్రగా ఉన్నది కొత్త కండ, పసుపుది చచ్చిన పొర, నలుపుది పూర్తిగా చచ్చిపోయింది. డాక్టరు ముందు చూసేది ఈ రంగులే, అవి తప్పుగా వెళ్తే సలహా కూడా తప్పుతుంది.

ఫొటో తీయనా అని అడిగాను. ‘తీసుకో అమ్మా, నా మొకం పడకుండా తియ్యి’ అన్నాడు. పేషెంటు తనంతట తాను డాక్టరుకి ఫోన్ చేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. మాలాంటి ఆరోగ్య కార్యకర్తలం మొదలుపెడితే మాత్రం విడిగా అడిగి ఒప్పించుకోవాలి. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. అది లేకపోయినా అడగాల్సిందే. వాళ్లావిడకి కూడా చూపించని పుండు అది.

వీడియో కాల్‌లో మాకు సలహా ఇచ్చే డాక్టర్లుండే హబ్‌లో ఇవాళ సర్జన్ మేడమ్ ఉన్నారు. ఫొటో చూడగానే ఆవిడ అడిగింది పుండు గురించి కాదు, ‘పాదం మీద నాడి తగులుతోందా?’ అని. రెండు పాదాలూ పట్టుకుని చూశాను. బాగానే తగులుతోంది. ‘మోకాలి కింద ఉబ్బు నరాలున్నాయా? నిలబెట్టి చూడండి.’ ఉన్నాయి, మెలికలు తిరిగి. రోజంతా పెనం దగ్గర నిలబడే మనిషి. ఆ నరాల్లో (సిరల్లో) రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు పాడైపోతే రక్తం కిందే నిలిచిపోతుంది. దానివల్ల వచ్చిన పుండుకి పైన ఎంత మందు రాసినా లాభం లేదు, కాలికి బిగువు కట్టు పడాలి. ఆ బిగువు కట్టే, రక్తం సరిగ్గా అందని కాలికి కడితే కాలే పోవచ్చు. అందుకే నాడి సంగతి ముందు అడిగింది. వాళ్లడిగే ప్రశ్నల్లో సగం ఫొటో జవాబు చెప్పలేనివే.

జూలై 11, గురువారం

ఏరియా ఆసుపత్రిలో తీసిన డాప్లర్ స్కాన్ కాగితం పట్టుకుని పొద్దున్నే వచ్చాడు బాబాయి. ధమనులు బాగున్నాయి. కట్టు కట్టొచ్చన్నారు మేడమ్. ‘కడుతుంటే నేను చూస్తాను, ఫోను ఆశా కార్యకర్తకి ఇవ్వండి’ అన్నారు.

ముందు సెలైన్‌తో కడిగి, అంటుకోని గాజ్ గుడ్డ పరిచి, పైన దూది పట్టీ. తర్వాత క్రేప్ బ్యాండేజీ. వేళ్ల మొదట్నుంచి మొదలుపెట్టి, మడమ ఎక్కడా బయటపడకుండా, ప్రతి చుట్టూ కింది చుట్టులో సగం కప్పేలా మోకాలి కింద దాకా. నేను చీలమండ దగ్గర వదులు చేశాను. ‘అక్కడే కదమ్మా బిగువు కావాల్సింది, విప్పి మళ్లీ కట్టండి’ అన్నారు. చీలమండ దగ్గర దాదాపు 40 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి పడాలని చదువుకున్నాం. మా చేతికి మిల్లీమీటర్లు తెలియవు. మేడమ్ చెప్పింది వేరు: కట్టయ్యాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, తెల్లబడ్డ గోరు రెండు మూడు సెకన్లలో మళ్లీ రంగుకి రావాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా ఎవరినీ అడక్కుండా విప్పేయమని బాబాయికి చెప్పండి.

నర్సింగ్ కాలేజీలో బిగువు కట్టు గురించి పరీక్ష రాశాను. చేతులు ఎలా కదలాలో నేర్చుకున్నది మాత్రం ఇవాళ, ఊళ్లో, ఒక తెర ముందు. ఈ టెలీమెడిసిన్ పేషెంటుకి డాక్టరుని చూపించడానికేనని అందరూ అనుకుంటారు. నాకైతే దాని పెద్ద ఉపకారం ఇది. ఇదే పుండు రేపు ఇంకొకరికి వస్తే ఎలా కట్టాలో నా చేతులకి తెలుసు.

ఒక్కటే తేలలేదు. కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకోవాలంటే బాబాయి అన్నాడు: ‘పెనం కాడ నేను నిలబడకపోతే కూడెలాగమ్మా?’

జూలై 24, బుధవారం

వాన. టవర్ లేదు. వీడియో బొమ్మ బిగుసుకుపోతుంది, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. ముందు ఫొటోలు పంపి, తర్వాత మామూలు ఫోన్లో మాట్లాడాం, సరిపోయింది. పుండ్లకి కదిలే బొమ్మతో పెద్దగా పని లేదు. నిలకడగా, స్పష్టంగా ఉన్న ఒక ఫొటో, పక్కన కొలత, నాలుగు సరైన మాటలు చాలు.

మన రాష్ట్రంలో టెలీమెడిసిన్ కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే ఇస్రో ఉపగ్రహం సాయంతో అపోలో వాళ్లు మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఇ-సంజీవని ఉప ఆరోగ్య కేంద్రం దాకా వచ్చింది.

ఆగస్టు 6, మంగళవారం

బాబాయి పుండు: పొడవు 4.1, వెడల్పు 2.7. నాలుగు వారాల కిందటి వైశాల్యంతో పోలిస్తే నలభై శాతానికి పైగా తగ్గింది.

మామూలు కంటికి ఇది తెలియదు. ఏ ఫొటో విడిగా చూసినా అదే పుండు. మొదటి తేదీ నుంచి ఇవాళ్టిదాకా వరసపెట్టి చూస్తే, లోపల పసుపు పొర పోయి ఎరుపు నిండడం, అంచున లేత గులాబీ రంగు చర్మం లోపలికి పాకడం కనపడుతుంది. బాబాయికి చూపించాను. చాలాసేపు చూశాడు. మానదేమో అని లోపల బెంగ పెట్టుకున్న మనిషికి మానుతోందని చూపించడం కూడా వైద్యమే. మొదటివారం కట్టు విప్పేసి పారేద్దామనుకున్నాడట. ఇక విప్పనన్నాడు. పెనం దగ్గర ఎత్తు స్టూలు వేసుకున్నాడు, మధ్యాహ్నం హోటలు మూసి కాళ్ల కింద బియ్యం బస్తా పెట్టుకుని పడుకుంటున్నాడు.

హబ్‌లో ఇవాళ వేరే డాక్టరుగారు. డ్యూటీలు మారతాయి, తప్పదు. పాత పేషెంటుని కొత్త డాక్టరుకి మొదట్నుంచి చెప్పాలంటే పది నిమిషాలు. ఇవాళ ఫొటోలు, కొలతలు తేదీలతో సహా ఉన్నాయి కాబట్టి రెండు నిమిషాల్లో అయింది. ఆయనే అన్నారు: ఇలాంటి పుండు నాలుగు వారాల్లో నలభై శాతం దాకా తగ్గితే మానుతుందని నమ్మొచ్చు, షుగర్ పాదానికైతే సగం తగ్గాలి. తగ్గకపోతే అదే మందు కొనసాగించొద్దు, ఏదో తప్పిపోయిందని అర్థం, మళ్లీ మొదట్నుంచి వెతకాలి.

ఆగస్టు 20, మంగళవారం

జీడి పిక్కలు కొట్టే పిన్ని బీపీ మాత్రల కోసం వచ్చింది. ఆమె కూర్చున్న కాసేపటికి గదిలో వాసన. నేను తల ఎత్తాను. ఆమెకి ఏమీ తెలియడం లేదు. చెప్పు విప్పమన్నాను.

ఎడమ బొటనవేలి మొదట, అరికాల్లో ఆనెకాయ. దాని మధ్య పెసరగింజంత నల్లటి చుక్క. అంతే. ‘అదేటుందమ్మా, ఆనెకాయ కదా. నొప్పి లేదు, ఏటీ లేదు’ అంది. పది గ్రాముల నైలాన్ పోగు పాదం మీద ఆనించి అది వంగేదాకా నొక్కాను. వేళ్ల దగ్గర, అరికాల్లో, ఎక్కడా తెలియలేదు. షుగర్ వచ్చి చాలా ఏళ్లు. నొప్పి లేకపోవడమే ఇక్కడ జబ్బు.

ఫొటో పంపితే తెర మీద అది చాలా చిన్నదిగా కనిపించింది. హబ్‌లో డాక్టరుగారు ఆనెకాయ మెత్తబరచడం గురించి మొదలుపెట్టారు. ఆ తీరు నాకర్థమైంది, ఆయనకి కనపడేది అంతే. ‘సార్, వాసన వస్తోంది. గదంతా’ అన్నాను. ఆయన ఆగారు. ‘రెండు పాదాల మీదా చేతి వెనకవైపు పెట్టి చూడండి.’ ఎడమది వెచ్చగా ఉంది, తేడా బాగా తెలుస్తోంది. చామన ఛాయ చర్మం మీద ఎరుపు కెమెరాలో పడదు, వేడి మాత్రం చేతికి తెలుస్తుంది. ‘జ్వరం?’ లేదు. ‘షుగర్ వాళ్లకి రాకపోవచ్చు, దాన్ని నమ్ముకోవద్దు. స్టెరైల్ ప్రోబ్ ఉందా?’ ఉంది. ఆ చుక్కలోకి మెల్లగా దించాను. పెసరగింజంత చుక్కలోంచి ప్రోబ్ లోపలికి దిగిపోయింది. దిగి, అడుగున గట్టిగా, గరుకుగా తగిలి ఆగింది. ఎముక.

ఆమె నా మొహం చూస్తూ ‘ఏటైంది డాట్రమ్మా’ అంది. ఆమె పాదంలో ఇనుప పుల్ల ఎముకదాకా వెళ్తే ఆమెకి తెలియలేదు.

ఎముకకి చీము పట్టిందేమోనన్న అనుమానం వస్తే ఇంట్లో కూర్చోబెట్టే పని కాదు. ఇంకో చిక్కు, ఇది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. ఆమె క్రియాటినిన్ 2.8. కీళ్లనొప్పులకి షాపులో కొని డైక్లోఫెనాక్ వేసుకుంటోంది. ఇక్కడ ఇంటింటా కిడ్నీ రోగం, ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇదీ అని తేలలేదు, ఆ పైన ఈ మాత్రలు. ఆ మాత్ర వెంటనే ఆపించారు. యాంటీబయాటిక్ మోతాదు కిడ్నీ చూసి ఆసుపత్రిలోనే వేస్తారని, ఇక్కడ ఏదీ మొదలుపెట్టొద్దని చెప్పారు. రిఫరల్‌లో ప్రోబ్ ఎముకకి తగిలిందన్న మాట, క్రియాటినిన్, షుగర్, వేసుకుంటున్న మాత్రలు అన్నీ రాయించారు.

కొడుకు చెన్నైలో కట్టుబడి పనికి వెళ్లాడు. కోడలు ‘రేపెల్తాం, పనుంది’ అంది. ఆమెతో మాట్లాడమని ఫోను డాక్టరుగారికిచ్చాను. ఆయన బెదిరించలేదు. ‘చూడమ్మా, ఇవాళ వెళ్తే వేలు దగ్గర ఆగొచ్చు. వారం పోతే పాదం అడుగుతారు’ అన్నారు. సాయంత్రం 108లో వెళ్లారు.

రాత్రి పడుకోబోతూ ఇది రాస్తున్నాను. ఇదే ఫొటో ఆమె కొడుకే వాట్సాప్‌లో ఎవరో డాక్టరుకి పంపి ఉంటే? ఆనెకాయ పట్టీ వేయండి అనేవారు. డాక్టరు తప్పేమీ కాదు. కెమెరాకు వాసన తెలియదు, వేడి తెలియదు, లోతు తెలియదు. అవి చెప్పడానికి ఈ చివర ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఉన్నచోటే దీన్ని వైద్యం అనాలి.

సెప్టెంబరు 12, గురువారం

కొబ్బరితోట తాత. కుష్ఠుకి ఏడాది మందు వాడి, నయమైందని కాగితం కూడా తెచ్చుకున్నాడు ఎప్పుడో. అరికాలి పుండు మాత్రం మానుతుంది, మళ్లీ వస్తుంది. ‘రోగం పోయిందన్నారు కదా, మరి ఈ పుండేటి?’ అని ప్రతిసారీ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. క్రిమి చచ్చింది. క్రిమి చంపిన నరం బతకలేదు.

వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతి లోకానికి చూపించాడు. కుష్ఠువాళ్ల వేళ్లు, పాదాలు రోగం తినేయడం వల్ల పోవు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలించుకోవడం వల్ల పోతాయి. కుంటుతూ నడిచి పుండుకి విశ్రాంతినిచ్చే తెలివి మనకి నొప్పి ఇస్తుంది. తాతకి అది లేదు. పుండు మీదే అడుగేసి కొబ్బరికాయల బుట్ట మోస్తాడు. మడమ పగుళ్లకి జీడి తొక్క నూనె రాసుకున్నాడట, బొబ్బలెక్కినా తెలియలేదు.

చర్మవ్యాధుల డాక్టరుగారు చెప్పిన వైద్యంలో ఖరీదైన మందు ఒక్కటీ లేదు. రోజూ ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లలో పాదం నానబెట్టడం, పుండు అంచున గట్టిపడ్డ చర్మం గరుకు రాయితో నెమ్మదిగా తీయడం, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయడం, వేసుకునేముందు చెప్పులో చెయ్యి పెట్టి రాయో మేకో ఉందేమో చూడటం, మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాలి మీద బరువు వేయకపోవడం.

ఈ చివరిది తెరలోంచి పంపలేం. డాక్టరు రాసినంత మాత్రాన పేదవాడికి విశ్రాంతి దొరకదు. తాతకి మాత్రం ఒక దారి దొరికింది. జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 అయింది. ‘బుట్ట మోసి సంపాదించేది ఇందులో వచ్చేస్తోంది కదా, పుండు మానేదాకా ఇంటి దగ్గర తాడు పేను’ అని కూతురు పట్టుబట్టింది. ఒప్పుకున్నాడు. సలహా డాక్టరుది, అది జరిగేలా చేసింది కూతురు, పింఛను.

అక్టోబరు 3, గురువారం

మామ్మ తొడ మీద పాత కాలిన మచ్చ. చిన్నప్పుడెప్పుడో పొయ్యి అంటుకుంది. మచ్చలో ఏడాదిగా పుండు. నెల నుంచి నేను కట్టు కడుతున్నాను. కొలత తగ్గడం లేదు. కొంచెం పెరిగింది కూడా.

సర్జన్ మేడమ్ ఫొటోలు వరసగా చూసి ‘ఎదురుగా కాదు, పక్క నుంచి టార్చి వేసి చూపించండి’ అన్నారు. పక్క నుంచి వెలుగు పడేసరికి తేడా తెలిసింది. బాబాయి పుండుకి అంచు పలచగా, లోపలికి వాలి ఉంటుంది. మామ్మది పైకి లేచి, బయటికి మడత పడింది. ముట్టుకుంటే గట్టి. తాకితే రక్తం. మేడమ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను ఫోను తీసుకుని పక్కకి వెళ్లమని, ‘పాత మచ్చలో పుట్టిన పుండు క్యాన్సర్‌గా మారవచ్చు. అంచు నుంచి ముక్క తీసి పరీక్ష చేయాలి’ అన్నారు. మార్జోలిన్ పుండు అని పుస్తకంలో చదివాను. చూడటం ఇదే మొదటిసారి.

మామ్మకి ఆ మాట ఎలా చెప్పాలో కూడా ఆవిడే చూపించారు. క్యాన్సర్ అనలేదు, అబద్ధమూ చెప్పలేదు. ‘మామ్మా, ఇది మామూలు పుండులా మానడం లేదు. ఎందుకో తెలుసుకోవాలంటే చిన్న ముక్క తీసి చూడాలి. తొందరగా చూస్తే తొందరగా మందు వేయొచ్చు’ అన్నారు. మామ్మ నన్ను అడిగింది, ‘నువ్వొస్తావా?’ వస్తానన్నాను.

తొడ మీది ఫొటోలు నా ఫోన్లోంచి అప్పుడే తీసేశాను, రికార్డులో ఉంటే చాలు. ఆవిడ పరువు నా జేబులో తిరగకూడదు.

అక్టోబరు 24, గురువారం

దానా తుపాను ఒడిశా వైపు వెళ్తోంది. మాకూ గాలులు. ఇక్కడ తిత్లీ తుపాను చూసినవాళ్లెవరూ మరో తుపానుని తేలిగ్గా తీసుకోరు. కరెంటు, టవర్ రెండూ పోతాయని నిన్ననే కట్టుసామాను మూటలు కట్టి ఇళ్లకి పంపాను. బాబాయి భార్య, తాత కూతురు ఇద్దరూ కట్టడం నేర్చుకున్నారు. లీటరు నీళ్లు కాచి చల్లార్చి తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపితే పుండు కడుక్కోవడానికి సరిపోతుంది. అన్నీ చెప్పాను.

నవంబరు 19, మంగళవారం

బాబాయి పుండు మూసుకుంది. బిగువు మేజోళ్లు ఎప్పటికీ వేసుకోవాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. ఉబ్బు నరాల ఆపరేషనుకి ఒప్పుకున్నాడు. పిన్నికి బొటనవేలు తీసేశారు, పాదం దక్కింది. ఇప్పుడు రోజూ రాత్రి అద్దం కింద పెట్టుకుని అరికాలు చూసుకుంటోంది, పక్కింటివాళ్లవి కూడా చూస్తోంది. తాత అరికాలు పూడింది. మామ్మకి అనుమానమే నిజమైంది. విశాఖ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో వైద్యం మొదలైంది. గజ్జల్లోకి పాకలేదన్నారు.

రేపు పీహెచ్‌సీ మీటింగు. రోజుకిన్ని కాల్స్ చేశారా అని అడుగుతారు. పుండు కాల్ జలుబు కాల్‌లా నిమిషంలో అవదు. కట్టు విప్పాలి, కడగాలి, కొలవాలి, ఫొటో తీయాలి, మళ్లీ కట్టాలి, అరగంట. లెక్క కోసం చేస్తే ఆ అరగంట దొరకదు. రేపు నేను అడగబోయేవి ఇవి. వారంలో ఒక పూట పుండ్లకి మాత్రమే కేటాయించండి, ఆ పూట హబ్‌లో వీలైనంతవరకు ఒకే డాక్టరు ఉండేలా చూడండి. క్రేప్ బ్యాండేజీలు, అంటుకోని గాజ్ గుడ్డ ఇండెంట్‌లో చేర్చండి, ఇప్పుడవి పేషెంట్లే కొనుక్కుంటున్నారు. పీహెచ్‌సీకి ఒక చేతి డాప్లర్ ఇవ్వండి. షుగర్ ఉన్న ప్రతి మనిషీ బీపీ మాత్రలకి వచ్చినప్పుడు చెప్పులు విప్పించి పాదం చూడమని ప్రతి కేంద్రానికీ రాతపూర్వకంగా చెప్పండి. ఈ చివరిదానికి పైసా ఖర్చు లేదు, రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు.